నారు పోసిన చేయి

కృష్ణానదికి దక్షిణమున గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానము విశాలముగా వ్యాపించియున్నది. 2022వ సంవత్సరమున ఈ సీమనుండియే పల్నాడు, బాపట్ల జిల్లాలు క్రొత్తగా ఏర్పడినవి. ఈ మైదానమున పెక్కుచోట్ల నల్లరేగడి నేలలు కలవు. వేసవిలో ఈ నేల బీటలు వారును. వానకాలమున బంకవలె కాలికి అంటుకొనును. తేమను చాలకాలము నిలుపుకొనగల ఈ భూములలో ప్రత్తియు, మిరపయు ముఖ్యమైన పంటలు. వేసవి ఆరంభమున ఈ ప్రాంతమునందు ప్రయాణము చేయువారికి కళ్ళములలో ఆరబోసిన మిరపపండ్లు ఎఱ్ఱని తివాచీలవలె కానవచ్చును. గుంటూరు మిరపవిపణి దేశమంతట పేరుపొందినది.

ఆ ఎఱ్ఱని రాసులను చూచి ముచ్చటపడనివారుండరు. కాని ఆ పంట ఎచ్చట పుట్టినదో తలచువారు తక్కువ. అది పుట్టినది పెద్దపొలమున కాదు. పొలము మూలనున్న ఒక చిన్న నారుమడిలో.

ప్రత్తికిని మిరపకును ఇచ్చట ఒక భేదము కలదు. ప్రత్తిగింజను రైతు నేరుగా పొలముననే విత్తును. మిరపగింజ మిక్కిలి చిన్నది. దాని మొలక సుకుమారమైనది. పెద్దవాన కురిసినచో కొట్టుకొనిపోవును. ఎండ తీక్షణమైనచో వాడిపోవును. అందువలన సాధారణముగా జూలై, ఆగస్టు నెలలలో దానిని మొదట నారుమడిలో పోసి, సుమారు ఆరువారములు పసిబిడ్డవలె పెంచి, పిమ్మట పొలమున నాటుదురు.

ఒక చిన్న లెక్క చేసి చూడుడు. 1 మీటరు వెడల్పు, 40 మీటర్ల పొడవు గల మడి ఇంచుమించు 1 సెంటు నేల. ఆ సెంటులో పెరిగిన నారు 1 ఎకరమునకు, అనగా 100 సెంట్ల భూమికి, సరిపోవును. రెండేసి అడుగుల దూరమున ఒక్కొక్క మొక్కను నాటినచో ఎకరమునకు సుమారు 10,900 మొక్కలు పట్టును. ఇన్నివేల మొక్కల భాగ్యము ఆరువారములపాటు ఆ ఒక్క సెంటులోనే ఉండును. మడిలో నారు చెడినచో మరల విత్తవలెను. విత్తిన పిదప మరల ఆరువారములు ఆగవలెను. ఈలోగా వానలు గడచిపోవును, అదను తప్పిపోవును. దుక్కికిని ఎరువుకును చేసిన ఖర్చు మాత్రము తిరిగిరాదు. కనుక నారుమడి చిన్నదైనను దాని పని చిన్నది కాదు.

“నారు పోసినవాడు నీరు పోయడా” యని మన పెద్దలు చెప్పుదురు. పుట్టించినవాడే పోషించునని ధైర్యము కలిగించు సామెత యిది. కాని నారు పెంచువాడు దీనిని మరియొక విధముగా కూడ గ్రహింపవచ్చును. నారు పోసిన చేయియే నీరును పోయవలెను. ఎంత పోయవలెనో, ఎప్పుడు మానవలెనో ఆ చేతికే తెలిసియుండవలెను. ఈ తెలివి వినుటవలన కొంత వచ్చును, చూచుటవలన మరికొంత వచ్చును, చేయుటవలననే పూర్తియగును.

ఈ సత్యమును గుర్తించియే మన దేశమున కృషివిజ్ఞాన కేంద్రములను నెలకొల్పిరి. వీనిలో మొదటిది 1974వ సంవత్సరమున పుదుచ్చేరిలో ప్రారంభమయ్యెను. నేడు దేశమున ఏడువందలకు మించి ఇట్టి కేంద్రములు కలవు. గుంటూరు చెంతనున్న లాం గ్రామమునందును, ప్రకాశము జిల్లాలోని దర్శియందును ఇవి పనిచేయుచున్నవి. లాం క్షేత్రము మిరప పరిశోధనకు చిరకాలమునుండి ప్రసిద్ధము. జి-4, ఎల్.సి.ఎ. 334 మున్నగు మిరపరకములు అచ్చట రూపొందినవే. 1945వ సంవత్సరమున స్థాపింపబడిన బాపట్ల వ్యవసాయ కళాశాలయు ఈ సీమ రైతులకు చిరపరిచితమైన విద్యాస్థానము. చేయుచు నేర్చుకొనుట, చేయించుచు నేర్పుట అనునది కృషివిజ్ఞాన కేంద్రముల మూలసూత్రము.

ఇట్టి పద్ధతి మన దేశమున మాత్రమే పుట్టినది కాదు. మన గుంటూరు సీమవలెనే ప్రత్తికి పేరుపడిన మరియొక ప్రదేశము అమెరికాలోని అలబామా రాష్ట్రము. బానిస కుటుంబమున జన్మించి, అనేక కష్టములకోర్చి శాస్త్రవేత్తయైన జార్జి వాషింగ్టన్ కార్వర్ 1896వ సంవత్సరమున అచ్చటి టస్కేగీ విద్యాలయమునకు ఉపాధ్యాయుడుగా వచ్చెను. ఏటేట ప్రత్తినే వేయుటచే ఆ భూములు నిస్సారములై యుండెను. పేద నల్లజాతి రైతులు పాఠశాలకు రాలేరు. పుస్తకము చదువలేనివారు పెక్కురు. రైతు పాఠశాలకు రాలేనప్పుడు పాఠశాలయే రైతుకడకు పోవలెనని కార్వర్ తలచెను. 1906వ సంవత్సరమున విత్తనములను, నాగళ్ళను, ఇతర పనిముట్లను ఒక బండిలో అమర్చి పల్లెలకు పంపిరి. ఆ బండి ఆగినచోట రైతులు గుమిగూడుచుండిరి. వేరుసెనగ, అలసంద వంటి పైరులు నేలకు బలము నిచ్చునని వారికి మాటలతో చెప్పుటయే కాక, పనిచేసి చూపుచుండిరి. మన దేశమున 1937వ సంవత్సరమున వార్ధాలో జరిగిన విద్యాసభలో మహాత్మాగాంధి చేతిపని ద్వారా చదువు నేర్పవలెనని బోధించినదియు ఇట్టి భావమే. చేతికిని బుద్ధికిని నడుమ గోడ యుండరాదని ఇరువురును నమ్మిరి.

ఇక నారు పెంచు శిక్షణయందు ఏమి నేర్పుదురో చూతము. శిక్షణ పొందువారిలో రైతులు, రైతుస్త్రీలు, నారు పెంచి అమ్ముకొనదలచిన యువకులు ఉందురు. ఉపన్యాసము కొంచెము, పని ఎక్కువ. మొదట అందరును మట్టిని చేత పట్టుకొని చూడవలెను. గుప్పెడు మట్టిని తీసికొని పిడికిలి బిగించినప్పుడు వ్రేళ్ళసందున నీరు కారినచో తేమ ఎక్కువైనది. పిడికిలి విప్పగనే మట్టి పొడిపొడిగా రాలినచో తేమ చాలలేదు. ముద్దగా నిలిచి, వ్రేలితో తాకినంతనే విడిపోయినచో తేమ సరిగానున్నది. ఈ పరీక్షకు యంత్రమక్కరలేదు. కాని నాలుగుసారులు స్వయముగా చేసినగాని చేతికి గురుతు పట్టుట రాదు.

పిమ్మట మడి కట్టుదురు. పెంటికలు లేకుండ నేలను మెత్తగా చేసి, బాగుగా చివికిన పశువులయెరువును కలిపి, మడిని చుట్టునున్న నేలకంటె సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తుగా తీర్చుదురు. చుట్టును కాలువలు తీయుదురు. ఇంత యెత్తు ఎందులకని అడుగువారుందురు. నల్లరేగడి నీటిని త్వరగా విడువదు. మడి పల్లముగానున్నచో వాననీరు నిలిచి, లేతమొక్కల మొదళ్ళు చీకిపోవును. దీనికే నారుకుళ్ళు తెగులని పేరు. పైథియం వంటి శిలీంధ్రములు దీనికి కారణము. అవి మట్టియందు సహజముగానే ఉండును. నీరు నిలిచినప్పుడును, నారు కిక్కిరిసినప్పుడును విజృంభించును. ముందునాటి సాయంకాలము పచ్చగా నున్న నారు మరునాటి ఉదయమునకు తల వాల్చి చాపవలె పడిపోవును. పడిన మొక్కను ఏ మందును లేపజాలదు.

కనుక తెగులు రాకముందే జాగ్రత్త పడవలెను. విత్తుటకు ముందు గింజకు మందు పట్టింతురు. ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రపు పొడిని కూడ కిలోగ్రాము గింజకు 10 గ్రాముల చొప్పున పట్టించుట కలదు. తెగులు కనబడిన మడిని రాగి సంబంధమైన మందుతో తడుపుదురు. మందుల పని పెద్దలు మాత్రమే, తగిన తొడుగులు ధరించి, చెప్పిన కొలతప్రకారము చేయవలసినది. పిల్లలు చేయదగిన రక్షణ వేరొకటి కలదు. అది గింజలను పలుచగా చల్లుట, నీటిని మితముగా పోయుట. ఇంతకంటె చౌకయైన ఔషధము లేదు.

పలుచగా చల్లుట చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. క్రొత్తవారు చల్లినప్పుడు గింజలు ఒకచోట గుంపుగాను, మరియొకచోట ఖాళీగాను పడును. అందుచే గింజలను పొడియిసుకతో కలిపి చల్లుట, లేక వ్రేలితో గీతలు గీచి ఆ చాళ్ళలో విడుచుట నేర్పుదురు. అనుభవశాలియైన ఒక ముదుసలి స్త్రీ చల్లిన మడి ప్రక్కన తాను చల్లిన మడిని పెట్టి చూచుకొనిన యువకునకు పదిదినములలో భేదము బోధపడును. మొలకలే అతనికి పరీక్షాఫలితములు.

ఇటీవలి కాలమున నారు పెంచు పద్ధతిలో గొప్ప మార్పు వచ్చినది. షేడ్‌నెట్ అనబడు నీడవల క్రింద, 98 గుంటలు గల ప్లాస్టిక్ పళ్ళెములలో నారు పెంచుచున్నారు. వీనిని ప్రోట్రేలందురు. గుంటలలో మట్టికి మారుగా కొబ్బరిపీచు పొట్టును నింపి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గింజను ఉంచుదురు. మడిలో నారు పోయుటకు ఎకరమునకు సుమారు 650 గ్రాముల గింజ కావలసియుండగా, సంకరజాతి మిరపకు ఈ పద్ధతిలో సుమారు 100 గ్రాములు చాలును. మొక్కను పెఱికినప్పుడు వేళ్ళు తెగవు. పొట్టుముద్దతో సహా పైకి వచ్చును. కావున పొలమున త్వరగా నాటుకొనును. ఎకరమునకు ఇట్టి పళ్ళెములు సుమారు 112 కావలెను. పొట్టు త్వరగా ఆరిపోవును గనుక ఒక్కపూట నీరు మఱచినను మొక్కలు వాడిపోవును. సాధనము మారినను మెలకువ అక్కరలేకుండ పోలేదు.

పళ్ళెములు, వలలు, నీటివసతి ఒక్కొక్క రైతు విడివిడిగా సమకూర్చుకొనుట కష్టము. అందువలన కొందరు కలిసి ఒకేచోట నారు పెంచుటయో, నారు పెంచువానికి ముందుగా చెప్పి పెంచించుకొనుటయో జరుగుచున్నది. ఉమ్మడి నారుమడివలన లాభమెంత కలదో, బాధ్యతయు అంతయే కలదు. సొంతమడిలో చేసిన పొరపాటు సొంతపొలమునే చెఱచును. ఉమ్మడిమడిలో ఒక పళ్ళెమునకు సోకిన తెగులు పదిమంది పొలములకు ప్రాకును. కనుకనే లోనికి ప్రవేశించునప్పుడు చేతులు కడుగుకొనవలెననియు, తెగులుసోకిన మొక్కను వెంటనే తీసివేయవలెననియు, వల తలుపు తెఱచి విడువరాదనియు నియమములు పెట్టుదురు.

మరియొక నియమము వీనికంటె పెద్దది. ప్రతి పళ్ళెమునకును గింజరకము పేరు, విత్తిన తేదీ వ్రాసిన చీటిని తగిలించవలెను. మిరపనారు అంతయు చూచుటకు ఒకేరీతిగా నుండును. ఒక రకమునకు మారుగా మరియొక రకము ఇచ్చినను నారును చూచి కొనువాడు గుర్తింపలేడు. కాయలు కాచిన తరువాతనే, అనగా కొన్ని నెలలు గడచి పెట్టుబడి అంతయు నేలలో పోసిన పిమ్మటనే, నిజము బయటపడును. అప్పటికి మార్గము లేదు. ఆ చిన్న చీటిపై వ్రాసిన మాటను నమ్మి రైతు సంవత్సరపు కష్టమును పొలములో పెట్టుచున్నాడు. కాబట్టి నారు పెంచువానికి చేతినేర్పుతోపాటు మాటనిలకడ కూడ ఉండవలెను.

ఇంత జాగ్రత్త పడినను పంటకు ఆపద రాదని చెప్పజాలము. 1980వ దశకమున ఈ సీమ ప్రత్తిపంటను తెల్లదోమ ఘోరముగా నాశనము చేసెను. అనేక కుటుంబములు అప్పులపాలయ్యెను. 2021వ సంవత్సరమున ఆగ్నేయాసియానుండి వ్యాపించిన నల్లతామరపురుగు మిరపతోటలపై పడి, పూలలో చేరి పూతను పాడుచేసెను. రైతులు చేయునదిలేక కొన్ని తోటలను పెఱికివేసిరి. మంచినారు ఇట్టి ఉపద్రవములనన్నిటిని ఆపజాలదు. కాని తెల్లదోమ మిరపకు ఆకుముడత వైరస్‌ను మోసికొనివచ్చును. లేతవయస్సున ఈ రోగము సోకిన మొక్క ఎన్నటికిని కోలుకొనదు. సన్నని కన్నులుగల వలలోపల పెరిగిన నారు కనీసము ఆ మొదటి ఆరువారములు రక్షణ పొందును. మొక్కకు బాల్యమున లభించిన ఆరోగ్యము దానికి బలమైన ఆస్తి.

నారు పోయుటయొక్కటే మొక్కలపెంపక విద్య కాదు. కొమ్మనుండి క్రొత్త మొక్కను పుట్టించుట మరియొక చక్కని నేర్పు. జామ, దానిమ్మ చెట్లకు వానకాలమున గాలియంటు కట్టుదురు. పెన్సిలు లావుగల ఆరోగ్యమైన కొమ్మను ఎన్నుకొని, ఒక అంగుళము మేర బెరడును చుట్టును ఉంగరమువలె ఒలుచుదురు. లోపలి జిగురుపొరను మెల్లగా గీకివేయుదురు. తడిసిన కొబ్బరిపొట్టునో నాచునో ఆ చోట చుట్టి, పైన పాలిథీన్ కాగితము కప్పి రెండువైపుల బిగించి కట్టుదురు. ఒకటి రెండు నెలలలో కాగితములోనుండి తెల్లనివేళ్ళు కనబడును. అప్పుడు కొమ్మను కోసి కుండలో నాటుదురు.

ఇది యెట్లు సాధ్యమయ్యెను? వేళ్ళు పీల్చిన నీరు కొమ్మ లోపలి కొయ్యభాగముద్వారా పైకి పోవును. ఆకులు తయారుచేసిన ఆహారము బెరడుద్వారా క్రిందికి దిగును. బెరడును ఒలిచినందున పైకిపోవు నీరు ఆగదు, కొమ్మ వాడదు. క్రిందికి దిగు ఆహారము మాత్రము గాటుకడ ఆగి నిలువయగును. అచ్చటనే క్రొత్తవేళ్ళు పుట్టును. కొయ్యను కూడ కోసినచో కొమ్మ ఎండును. జిగురుపొరను విడిచినచో బెరడు మరల అతుకుకొని వేళ్ళు రావు. కత్తి ఎంతవఱకు దిగవలెనో పుస్తకము చెప్పగలదు. ఎప్పుడు ఆగవలెనో మణికట్టు నేర్చుకొనవలెను.

ఈ విద్యయే జీవనాధారముగా గల పల్లెలు మన రాష్ట్రమున కలవు. గోదావరితీరమున రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము, కడియపులంక గ్రామములు పూలమొక్కలకు, అంటుమొక్కలకు దేశమంతట పేరు గాంచినవి. అచ్చట మొక్కలపెంపకము ఇంటింటి వృత్తి. పిల్లలు పెద్దల ప్రక్కన కూర్చుండి చూచుచు, చేయుచు నేర్చుకొందురు.

విద్యార్థులారా! ఇట్టి పనిని మీ పాఠశాలలో కూడ ఆరంభింపవచ్చును. దానికి ఎకరములు అక్కరలేదు. చెట్టునీడన ఒక చాపమేర స్థలము, రెండుగంపల చివికిన ఎరువు, ఒక పార, వానజల్లువలె నీరు కురిపించు డబ్బా చాలును. వంగ, టమాట, మిరప, బంతి విత్తనములతో మొదలుపెట్టుడు. రెండు చిన్నమడులు పక్కపక్కన కట్టుడు. ఒకదానిలో గింజలను ఒత్తుగాను, రెండవదానిలో పలుచగాను చల్లుడు. ఎన్ని గింజలు చల్లితిరో, ఎన్ని మొలచినవో, ఇరువదిదినములకు ఎన్ని మిగిలినవో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మొక్కలు చచ్చినచో సిగ్గుపడవలదు; ఏల చచ్చినవో వెదకుడు. మడిలో జరిగిన తప్పునకు మూల్యము గుప్పెడు గింజలు. అదే తప్పు పొలమున జరిగినచో మూల్యము ఒక కుటుంబపు సంవత్సరము. తప్పులు చేసి నేర్చుకొనుటకు నారుమడికంటె మంచిచోటు దొరకదు.

నారు సిద్ధమైనప్పుడు దానిని మీ యిండ్లకును, ఇరుగుపొరుగులకును పంచిపెట్టుడు. 1950వ సంవత్సరమున మన దేశమున వనమహోత్సవము ప్రారంభమైనది. నాటినుండి ఏటేట మొక్కలు నాటుచునేయున్నాము. నాటుటకు ఒక్కదినము చాలును. ఆ మొక్కను అంతవఱకు పెంచి యిచ్చిన చేతుల పనికి ఎన్నో వారములు పట్టినవి. మీరు పంచిన వంగమొక్క పొరుగింటి పెరటిలో కాచిన దినమున, మీరు ఆ పళ్ళెమునకు తగిలించిన చీటిలోని పేరు నిజమైనదో కాదో తేలిపోవును. ఆ దినము కొఱకు శ్రద్ధతో పనిచేయుడు.